బాణం లేకుండా బాణం వెయ్యడం

మా కాలేజీ ఆర్చరీ క్లబ్‌లో మొన్నటిదాకా 5 విళ్ళు ఉండేవి. నా పుణ్యమా అని కొన్నాళ్ళు 4 అయ్యాయి. ఈ సంగతి దాచిపెట్టి వ్యాసం రాస్తే క్లబ్ వాళ్ళు నన్ను బతకనివ్వరు, అందుకే ముందే ఒప్పేసుకుంటున్నా. విల్లు పాడవడానికి కారణం నేను సొంతంగా తయారు చేసిన ఒక ప్రాక్టీస్ పట్టీ. ఆ పట్టీని ఎలా తయారు చెయ్యాలో చెప్పడానికే ఇప్పుడు కూర్చున్నా. నవ్వుకోండి, పర్లేదు.

చదువంతా ఇంగ్లిష్ మీడియం కావడంతో విలువిద్య గురించి తెలుగులో రాద్దామంటే మొదట మాటలే దొరకలేదు. విల్లుకి కట్టే తాడుని ఏమంటారా అని నిఘంటువు తీస్తే 'నారి' అని ఉంది. నాకు తెలిసిన నారి వేరు. మా తాతయ్యకి ఫోన్ చేస్తే 'అల్లెతాడు' అని కూడా అంటారని చెప్పారు. 'ఎక్కుపెట్టడం' అంటే గురి చూడ్డమే అనుకునేవాణ్ణి. విల్లు వంచి నారి తగిలించడాన్ని కూడా అలాగే అంటారట. అంటే శివధనుస్సు దగ్గర రాముడు మొదలుపెట్టిన పనినే మేం ప్రతి శనివారం సాయంత్రం గ్రౌండ్‌లో చేస్తున్నామన్నమాట. ఆయన విల్లు విరిస్తే పెళ్ళయింది. నాకు ఫైన్ పడింది.

ఇంకో మాట దొరికింది, 'ఆకర్ణాంతం'. నారిని చెవి దాకా లాగడం. వినడానికి చాలా బాగుంది కానీ ఒలింపిక్స్‌లో వాడే రికర్వ్ విల్లుతో ఎవరూ చెవి దాకా లాగరు. చూపుడువేలు దవడ ఎముక కిందకి వచ్చి ఆనుతుంది, నారి గడ్డానికీ ముక్కు కొనకీ తగులుతుంది. ప్రతిసారీ చెయ్యి అదే చోటికి రావాలి. దీన్ని యాంకర్ అంటారు. మొదటి నెలంతా మాకు నేర్పింది ఇదే, నాకు బాగానే వచ్చింది కూడా. నా గొడవంతా ఆ తర్వాత జరిగే అర సెకనులో.

30 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్ల టార్గెట్. 6 బాణాలు వేస్తే రెండు పసుపులో, ఒకటి ఎరుపులో, మిగతావి కింద నీలంలోనో నలుపులోనో, ఒక్కోసారి గడ్డిలోనో ఉండేవి. పక్కలకి పెద్దగా పోయేవి కావు, కిందకే. సైట్ సరిచేస్తే ఈసారి మంచి బాణాలు పైకి పోయేవి. మా కెప్టెన్ అక్క వెనకాల నిలబడి చూసి, "వదిలే ముందే నీ చెయ్యి ముందుకొచ్చేస్తోంది రా" అంది. "లేదక్కా, నేను కదల్లేదు" అన్నాను. అబద్ధం కాదు, నాకు నిజంగానే తెలియలేదు. నా కళ్ళు టార్గెట్ మీద ఉన్నాయి, మనసు స్కోరు మీద ఉంది. మోచేతిని చూసేవాళ్ళు ఎవరూ లేరు. లాగ్స్ లేని ప్రోగ్రాంని డీబగ్ చేస్తున్నట్టు ఉండేది. అవుట్‌పుట్ తప్పని తెలుసు, ఏ లైన్లో తప్పో తెలీదు.

కాస్త చెయ్యి ముందుకు జారితే ఇంత తేడా వస్తుందా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది, లెక్క వేశాను. నా విల్లు నేను లాగేంత వరకు లాగితే 22 పౌండ్ల బరువు, అంటే దాదాపు 10 కిలోలు. అది ఒక్కో అంగుళానికి సుమారు 2 పౌండ్లు పెరుగుతూ వస్తుంది. వదిలే క్షణానికి చెయ్యి ముప్పావు అంగుళం ముందుకొస్తే రెండు నష్టాలు: బలం తగ్గుతుంది, బాణాన్ని తోసే దూరమూ తగ్గుతుంది. రెండూ కలిపితే శక్తిలో దాదాపు 10 శాతం పోతుంది. శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వేగంలో పోయేది దాదాపు 5 శాతం. బాణం వేగం సెకనుకి 45 మీటర్లు అనుకుందాం, గాలి సంగతి వదిలేద్దాం. 30 మీటర్లు వెళ్ళేలోపు అది దాదాపు 2.18 మీటర్లు కిందకి దిగుతుంది. సైట్ పెట్టుకునేది ఆ దిగుడుకి సరిపోయేలా. 5 శాతం వేగం తగ్గితే దిగేది 2.41 మీటర్లు. తేడా 23 సెంటీమీటర్లు. ఆ టార్గెట్ మీద ఒక్కో వలయం వెడల్పు 4 సెంటీమీటర్లు. అంటే నడిమధ్య తగలాల్సిన బాణానికి 10 బదులు 5 వస్తుంది. చెయ్యి జారింది మాత్రం ముప్పావు అంగుళమే. ఫస్టియర్ ఫిజిక్స్ మొదటిసారి నాకు పనికొచ్చిన సందర్భం ఇది.

అసలు వదలడం అంటే ఏం జరగాలో ఇక్కడ చెప్పాలి. నారిని పట్టుకునేది మూడు వేళ్ళు. లాగేది మాత్రం చేతి కండ కాదు, వీపు. రెండు భుజాల వెనక రెక్కల్లా ఉండే ఎముకలున్నాయి కదా, వాటిని వెన్ను వైపు దగ్గరికి తెచ్చే కండరాలు. యాంకర్‌కి వచ్చాక బయటికి అంతా ఆగిపోయినట్టు కనిపిస్తుంది కానీ లోపల వీపు ఇంకా లాగుతూనే ఉండాలి. అలా లాగుతుండగా వేళ్ళు ఊరికే వదులైపోతాయి. వేళ్ళని తెరవకూడదు, పట్టు మానెయ్యాలి, అంతే. బిగుసుకున్న మోచెయ్యి అప్పుడు దానంతటదే వెనక్కి వెళ్తుంది, అరచెయ్యి మెడ పక్కనుంచి చెవి కిందకి జారుతుంది. (ఆకర్ణాంతం బాణం వెళ్ళాక వస్తుందన్నమాట!) నాలాంటివాళ్ళు ఏం చేస్తారంటే, యాంకర్‌కి రాగానే పని అయిపోయిందని వీపుని వదిలేస్తారు. 10 కిలోలని చేతి కండ ఒక్కటే మొయ్యలేక ముందుకు పాకుతుంది.

మా అమ్మమ్మ వాళ్ళది విజయవాడ. వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ ఇద్దరిదీ ఆ ఊరే. సురేఖ కాంపౌండ్ విల్లుతో 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 3 స్వర్ణాలు గెలిచారు. ధీరజ్‌ది రికర్వ్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకిత భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళారు. ఆ మ్యాచ్‌లు చూసినప్పుడు అందరిలాగే నేనూ బాణం ఎక్కడ తగిలిందా అనే చూశాను. క్లబ్‌లో చేరాక మళ్ళీ చూస్తే కళ్ళు చేతుల మీదకి పోయాయి. ఒలింపిక్ దూరం 70 మీటర్లు, అక్కడ 10 పాయింట్ల వలయం అడ్డంగా 12.2 సెంటీమీటర్లు. మీ దగ్గర అలాంటి వీడియో ఏదైనా ఉంటే స్లో మోషన్‌లో పెట్టి బాణం వైపు చూడకుండా మోచెయ్యి మాత్రం చూడండి. ముందుకి ఒక్క వెంట్రుకవాసి కూడా రాదు.

చూస్తే అర్థమైంది. చెయ్యాలంటే రాలేదు. గ్రౌండ్ మాకు వారానికి రెండు రోజులే, 14 మందికి 5 విళ్ళు. నా వంతుకి వచ్చేవి సాయంత్రానికి నలభయ్యో యాభయ్యో బాణాలు. హాస్టల్ రూంలో ఏదో ఒకటి చెయ్యాలి.

మొదట అందరూ చేసేదే చేశాను. ఫిజియోథెరపీకి వాడే రబ్బరు బ్యాండ్ మెడికల్ షాపులో కొని, 15 సెంటీమీటర్ల పీవీసీ పైపు ముక్కలోంచి దూర్చి ముడేశాను. పైపుని విల్లులా ఎడమచేత్తో పట్టుకుని, బ్యాండ్‌ని కుడిచేత్తో గడ్డం దాకా లాగడం. వీపు కండరాలకి ఇది మంచిదే. కానీ దాన్ని వదలడానికి లేదు, వదిలితే ఫట్‌మని ఎడమచేతి మీద తగులుతుంది. నా జబ్బు ఉన్నదేమో వదిలేచోటే.

మోచేతికి పట్టీ కట్టి దాన్ని తాడుతో నారికి తగిలించే పద్ధతి ఒకటుందని నెట్‌లో చూశాను. షాపుల్లో తయారుగా కూడా దొరుకుతుంది. బాణం పెట్టకూడదు. యాంకర్ దాకా లాగి వేళ్ళు వదిలేస్తే నారి ఒకటి రెండు సెంటీమీటర్లు ముందుకెళ్ళి ఆగిపోతుంది, ఎందుకంటే తాడు దాన్ని మోచేతి దగ్గర పట్టుకుని ఉంటుంది. వీపు పనిచేస్తుంటే ఏమీ కాదు. వీపు వదిలేసి ఉంటే ఆ బరువంతా ఒక్కసారి మోచేతి మీద పడి మనిషిని ముందుకి గుంజుతుంది. లాగ్స్ లేని ప్రోగ్రాంకి లాగ్స్ వచ్చినట్టే. చూడగానే తెగ నచ్చేసింది. రాత్రికి రాత్రే చేసేశాను, పాత మోకాలి బ్యాండేజీకి ఉన్న వెల్క్రో పట్టీతో.

శనివారం గ్రౌండ్‌కి తీసుకెళ్ళి, భద్రంగా ఉంటుందని అన్నిట్లో తేలికైన 18 పౌండ్ల విల్లు తీసుకున్నాను. రెండుసార్లు బాగానే పనిచేసింది. మూడోసారి వేళ్ళు వదిలాక చర్రుమని శబ్దం వచ్చింది. వెల్క్రో ఊడి, బాణం లేని నారి ఉన్న బలంతో అంతా ముందుకు కొట్టుకుంది. బాణం ఉంటే విల్లులోని శక్తి దాంతోపాటు వెళ్ళిపోతుంది. లేకపోతే ఆ శక్తంతా విల్లు తన ఒంటి మీదే తీసుకోవాలి. అందుకే ఉత్తి నారి వదలకూడదని మొదటి రోజే చెప్తారు. కింది లింబ్ మీద వేలెడు పొడుగు చీలిక.

అక్క తిట్టలేదు. లింబ్‌ని వేలితో తడిమి చూసి, "ఇది ఆ ఇద్దరు వాడేది కదరా" అంది. ఇద్దరు ఫస్టియర్ వాళ్ళు దానిమీదే నేర్చుకుంటున్నారు, మిగతా విళ్ళు వాళ్ళకి బరువు. కొత్త లింబ్స్ జత వచ్చేదాకా 5 వారాలు పట్టింది. సగం డబ్బు నేను కట్టాను, సగం క్లబ్ పెట్టుకుంది. డబ్బు సంగతి ఎలాగో సర్దుకున్నా, ఆ ఇద్దరూ వచ్చి మేం వేసిన బాణాలు ఏరిపెడుతుంటే చూడ్డం కష్టంగా ఉండేది. మూడో వారం నుంచి వాళ్ళలో ఒకతను రావడం మానేశాడు.

పట్టీని డస్ట్‌బిన్‌లో పడేద్దామనుకున్నాను. కానీ తప్పు ఆలోచనలో లేదు, నేను వెల్క్రోని నమ్మడంలో ఉంది. పైగా విల్లు ఎందుకసలు? రబ్బరు బ్యాండ్‌కే పట్టీ తగిలిస్తే? తెగితే తెగుతుంది, నా చేతికి తగుల్తుంది తప్ప ఇంకెవరి విల్లూ పోదు కదా. ఇప్పుడు నేను వాడుతున్నది అదే.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. పాత లాప్‌టాప్ బ్యాగ్ భుజానికి వేసుకునే నైలాన్ పట్టీ, దాని ఇనప బకిల్‌తో సహా. సాగని సన్న తాడు, పారాకార్డ్ అంటే ఇస్తారు. బట్టలారేసే ప్లాస్టిక్ తాడు వద్దు. పైన చెప్పిన బ్యాండు, పైపు ముక్క. పట్టీని మోచేతి పైన చుట్టి వదిలేస్తే లాగినప్పుడు జబ్బ మీదకి జారిపోతుంది, నా మొదటి పట్టీకి ఆ రోగం కూడా ఉండేది. లాగుడంతా మోచేతి వెనక పడాలి. అందుకని ఒక ముక్క మోచేతి వెనకనుంచి ఉయ్యాలలా తిరిగి ముంజేతి రెండు పక్కలకీ రావాలి, అది జారకుండా మోచేతికి పైన ఒక చుట్టు, కింద ఒక చుట్టు. ఈ మూడింటినీ కలిపి కుట్టాలి. మా గేటు దగ్గర చెప్పులు కుట్టే బాబాయ్‌కి ఇచ్చాను. "ఏంటి బాబూ ఇది, ఎడ్లకా?" అని అడిగి, నా పాత వెల్క్రో పట్టీ చూసి, "లాగుడు పడేచోట అంటించేది పనికిరాదు, కుట్టాలి" అన్నాడు. మైనం పట్టించిన దారంతో రెండు వరసలు కుట్టి 30 రూపాయలు తీసుకున్నాడు. ఆ మాట నాకు మూడు వారాల ముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

ఉయ్యాల రెండు కొసలూ ముంజేతి కింద కలిసేచోట తాడు కట్టండి. బ్యాండ్ చివర వేళ్ళతో పట్టుకోవడానికి లావుపాటి తాడుతో చిన్న ఉచ్చు ఉంటుంది, మోచేతి తాడు రెండో కొస కూడా ఆ ఉచ్చుకే. పొడవు సరిచెయ్యడమే ఓపిక పని. యాంకర్‌లో ఉన్నప్పుడు తాడు ఒకటిన్నర సెంటీమీటర్లు వదులుగా ఉండాలి. బిగుతుగా ఉంటే బరువు మొదటినుంచీ మోచెయ్యే మోస్తుంది, వేళ్ళకి పని ఉండదు. మరీ వదులైతే దెబ్బ గట్టిగా తగిలి మోచెయ్యి నొప్పెడుతుంది. బ్యాండ్ ఎంత గట్టిగా ఉందో లగేజి తూచే కొక్కెం కాటాతో చూడండి: గడ్డం దాకా లాగినంత పొడవుకి లాగి కాటా చదవడం. మీ విల్లు బరువులో సగంతో మొదలుపెడితే చాలు. నేను 5 కిలోలతో మొదలుపెట్టి ఇప్పుడు 9 దగ్గర ఉన్నాను.

కట్టుకునే ముందు పరీక్ష. 20 లీటర్ల వాటర్ క్యాన్ నిండుగా ఉన్నది పట్టీకి వేలాడదీసి ఎత్తండి, రెండు మూడుసార్లు కుదపండి. 20 కిలోలు, అంటే మనం లాగేదానికి రెట్టింపు పైనే. ముడి జారినా, కుట్టు విడినా అప్పుడే విడిపోవాలి. రబ్బరు మీద సన్న పగుళ్ళు కనిపిస్తే ఆ బ్యాండ్ మార్చెయ్యండి. ఇది మొహానికి దగ్గరగా చేసే పని కాబట్టి ల్యాబ్‌లో వాడే కళ్ళజోడు పెట్టుకోండి. అందంగా ఉండదు, రూంమేట్ నవ్వుతాడు, అయినా పెట్టుకోండి.

మొదటి రాత్రి 10 సార్లు వదిలితే 9 సార్లు మోచెయ్యి ముందుకి గుంజుకుపోయింది. నిజం చెప్పాలంటే సంతోషమేసింది. అక్క చెప్పింది మొదటిసారి నా ఒంటికి తెలిసింది. ఇంకో తప్పు కూడా బయటపడింది, దాన్ని ఎవరూ చెప్పలేదు. ఉచ్చు తిన్నగా ముందుకి పోకుండా పక్కకి ఎగిరేది. అంటే వేళ్ళు వదులవడం లేదు, వీణ మీటినట్టు బయటికి లాగుతున్నాయి. ఇవి రెండూ లేకుండా సరిగ్గా వస్తే ఏ హడావుడీ ఉండదు. టక్ మని చిన్న చప్పుడు, మోచెయ్యి కొంచెం వెనక్కి, అంతే. ఆ టక్ కోసం నేను కళ్ళు మూసుకుని చేసేవాణ్ణి. టార్గెట్ లేదు, స్కోరు లేదు, అందుకే వీపు వినిపించింది.

రోజు విడిచి రోజు, 8 చొప్పున మూడుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగి. అంతకుమించి చేస్తే అలసిపోయిన వీపు మళ్ళీ పాత అలవాటే నేర్చుకుంటుంది. మధ్యలో నా బ్రాంచ్ బుద్ధి పోనిచ్చుకోక, ఫోన్ వీడియోలో మోచేతి కోణం లెక్కపెట్టే పైథాన్ ప్రోగ్రాం రాయడానికి మూడు రాత్రులు తగలేశాను. రూంలో ట్యూబ్‌లైట్ వెలుగుకి అది నా మోచేతిని ఒకసారి కుర్చీ మీద, ఒకసారి రూంమేట్ భుజం మీద చూపించింది. ఆఖరికి గోడమీద నిలువుగా ఇన్సులేషన్ టేప్ అంటించి, మోచెయ్యి దాని ముందు ఉండేలా నిలబడి స్లో మోషన్ వీడియో తీశాను. టేప్‌కి ఇటు వచ్చిందా అటు వెళ్ళిందా, అంతే కదా కావాల్సింది.

పట్టీ అన్నీ నేర్పుతుందని చెప్పను. విల్లు పట్టుకునే చెయ్యి గురించి దానికేమీ తెలీదు, ఎందుకంటే పైపు ముక్కకి బరువు లేదు. ఇంకో చిక్కు, తాడు ఆపేస్తుంది కాబట్టి చెయ్యి చెవి కిందకి పూర్తిగా జారడం ఇందులో రాదు. ఉత్త పట్టీతోనే ఉండిపోతే వెంటనే ఆగిపోవడం అలవాటవుతుంది. అందుకే గ్రౌండ్ ఉన్న రోజు మొదటి 12 బాణాలు 5 మీటర్ల దూరంనుంచి, టార్గెట్ పేపర్ తీసేసి, ఉత్త ఫోమ్ దిమ్మ మీద వేస్తాను. అక్కడ చెయ్యి పూర్తిగా వెళ్ళనిస్తాను.

పట్టీ మొదలుపెట్టక ముందు 30 మీటర్లలో 36 బాణాలకి 360కి నాకు వచ్చింది 187. ఏడు వారాల తర్వాత 236. కింద నలుపులో పడేవి పూర్తిగా పోలేదు, 6 బాణాల్లో ఒకటి ఇప్పటికీ పడుతుంది. కానీ పడినప్పుడు ఎందుకు పడిందో టార్గెట్ దాకా నడవకముందే నాకు తెలుస్తోంది. నా మోచేతి మీద నాకు కాస్త గురి కుదిరింది. యూనివర్సిటీ టీమ్ సెలక్షన్స్‌లో రిజర్వ్‌లో ఉంచారు. అమ్మకి ఫోన్ చేసి 'సెలెక్ట్ అయ్యా' అన్నాను, రిజర్వ్ అంటే ఏంటో తర్వాత చెప్పాను.

కొత్త లింబ్స్ వచ్చాయి. ఫస్టియర్ ఇద్దరిలో ఒకమ్మాయి మళ్ళీ దానిమీద వేస్తోంది. పట్టీ ఒకటి కావాలంటే ఆమెకి కుట్టించి ఇచ్చాను, వాటర్ క్యాన్ ఎత్తి చూపించాకే. రావడం మానేసిన అతను మా బ్లాక్‌లోనే పై అంతస్తులో ఉంటాడు. మెస్‌లో కనిపిస్తే "హాయ్ అన్నా" అని వెళ్ళిపోతాడు. అతనికి 4 కిలోల బ్యాండ్ సరిపోతుందనుకుంటా. బాబాయ్ దగ్గర మూడో పట్టీ కుట్టించి పెట్టాను, శుక్రవారం రాత్రి పైకి వెళ్ళి ఇవ్వాలి.